ఛానెల్‌కి ఉపగ్రహం ఎంచుకోవడం: సీ బ్యాండా, కేయూ బ్యాండా, సొంత క్యారియరా, వాటాయా?

కొత్తగా ఛానెల్ పెట్టేవాళ్లు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఏ శాటిలైట్ మంచిది?" చేతిలో రెండు మూడు కొటేషన్లు ఉంటాయి. ఒకదాంట్లో పవర్ ఎక్కువ, ఒకదాంట్లో అద్దె తక్కువ, ఇంకోటి నిన్నగాక మొన్న ఎగిరిన ఉపగ్రహం. మూడింటినీ తూకం వేసి చెప్పమంటారు. నేను ఆ కాగితాలు పక్కన పెట్టి ఎదురు ప్రశ్న వేస్తాను: మీ సిగ్నల్ పట్టుకోవాల్సిన డిష్‌లు ఇప్పుడు ఎటు తిరిగి ఉన్నాయి?

టీవీ ప్రసారాలకి వాడే భూస్థిర ఉపగ్రహాలు భూమధ్యరేఖకి పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. ఆ ఎత్తులో ఒక చుట్టు తిరగడానికి 23 గంటల 56 నిమిషాలు పడుతుంది. భూమి తన చుట్టూ తాను తిరగడానికి కూడా సరిగ్గా అంతే. అందుకే కింద నుంచి చూస్తే అవి ఆకాశానికి మేకు కొట్టినట్టు ఒకేచోట ఉంటాయి. డిష్‌ని ఒకసారి గురిచూసి బిగిస్తే ఏళ్ల తరబడి కదపక్కర్లేదు. చిక్కు కూడా అక్కడే ఉంది. బిగించిన డిష్‌ని ఎవరూ కదపరు. మీ ఒక్క ఛానెల్ కోసం నిచ్చెన వేసుకుని మేడెక్కి బోల్టులు విప్పే ప్రేక్షకుడు ఉంటాడని ఆశపడకండి.

పెద్ద శాటిలైట్ కంపెనీలకి ఇది బాగా తెలుసు. యూరప్‌లో 19.2 డిగ్రీల తూర్పున ఆస్ట్రా, 13 డిగ్రీల తూర్పున హాట్‌బర్డ్ ఉపగ్రహాల సంగతి చూడండి. 1988లో ఆస్ట్రా 1ఏ ఎగిరిన తర్వాత వాటి ఆపరేటర్లు మళ్లీ మళ్లీ అదే స్థానానికి కొత్తవి పంపుతూ వచ్చారు. పాత ఉపగ్రహం రిటైరవుతుంది, కొత్తది వచ్చి ఆ చోట కూర్చుంటుంది. మేడ మీద డిష్‌కి ఆ సంగతే తెలియదు. అంటే మీరు అద్దెకి తీసుకుంటున్నది ఉపగ్రహం కాదు, ఆకాశంలో ఒక స్థానం. డిష్‌లు చూడని చోట ఎంత పవర్‌ఫుల్ ఉపగ్రహం ఉన్నా ఆ సిగ్నల్ అడవి కాచిన వెన్నెలే.

నేను అప్‌లింక్ స్టేషన్‌లో (ఉపగ్రహానికి సిగ్నల్ పైకి పంపే చోట) పనిచేసిన రోజుల్లో ఒక ఛానెల్ అద్దె తక్కువని పక్క స్థానంలోని ఉపగ్రహానికి మారింది. తేడా మూడు డిగ్రీలే. సిగ్నల్ మాత్రం పాతదానికంటే బాగుంది, మా మానిటర్ల మీద బొమ్మ మెరిసిపోయేది. కానీ కేబుల్ హెడ్‌ఎండ్‌లలో, అంటే ఛానెళ్లని డిష్‌తో పట్టుకుని ఊళ్లోని కేబుల్‌లోకి పంపే కేంద్రాల్లో, సగానికి పైగా ఇంకో డిష్ పెట్టడానికి ఒప్పుకోలేదు. ఆరు నెలల్లో ఆ ఛానెల్ మళ్లీ పాత చోటికే తిరిగొచ్చింది. ఈసారి అద్దె ముందుకంటే ఎక్కువైంది.

మీ సిగ్నల్ పట్టుకునేది ఎవరు?

డిష్‌ల దిక్కు తేలాక రెండో ప్రశ్న ఇది. చాలామంది ఇక్కడే పొరబడతారు. "మేము డీటీహెచ్‌లో రావాలి, కాబట్టి కేయూ బ్యాండ్ కావాలి" అంటారు. (సీ, కేయూ అనేవి ఉపగ్రహాలు వాడే రెండు ఫ్రీక్వెన్సీ శ్రేణులు.) అలా కాదు. డీటీహెచ్ కంపెనీలకి వాళ్ల ట్రాన్స్‌పాండర్లు (ఉపగ్రహంలో సిగ్నల్‌ని అందుకుని తిరిగి కిందకి పంపే యూనిట్లు) వాళ్లకి ఉంటాయి. మీ ఛానెల్‌ని వాళ్లు ఎక్కడో ఒకచోట పట్టుకుని, తమ ప్యాకేజీలో కలిపి, తమ ఉపగ్రహానికి పంపుతారు. మీరు చేయాల్సిందల్లా మీ ఫీడ్ వాళ్ల స్టేషన్‌కి, అలాగే కేబుల్ హెడ్‌ఎండ్‌లకి నమ్మకంగా చేర్చడం. వీళ్ల దగ్గర పెద్ద డిష్‌లు పెట్టే చోటుంటుంది, చూసుకోవడానికి టెక్నీషియన్లు ఉంటారు. ఇలాంటి పంపిణీకి చాలా ప్రాంతాల్లో సీ బ్యాండే ఆనవాయితీ.

ప్రేక్షకుడి ఇంటికే నేరుగా, మధ్యలో ఎవరూ లేకుండా, ఉచితంగా చేరాలంటే లెక్క మారుతుంది. అప్పుడు డిష్ చిన్నగా ఉండాలి, ఇంటి గోడకి బిగించేలా ఉండాలి. అది కేయూ బ్యాండ్ పని.

వాన, డిష్ సైజు, మొబైల్ టవర్లు

సీ బ్యాండ్‌లో ఉపగ్రహం నుంచి కిందకి వచ్చే సిగ్నల్ మామూలుగా 3.7 నుంచి 4.2 గిగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది. కొన్నిచోట్ల 3.4 నుంచే మొదలవుతుంది. కేయూలో 10.7 నుంచి 12.75 వరకు. తరంగం పొడవు సీలో సుమారు ఏడున్నర సెంటీమీటర్లు, కేయూలో రెండున్నర. మిగతా తేడాల్లో చాలావరకు ఈ మూడు రెట్లలోంచి పుట్టినవే.

డిష్ సైజునే తీసుకోండి. కేయూకి 60 సెంటీమీటర్ల డిష్ చాలు, సీకి 1.8 మీటర్లు కావాలి అంటుంటే సీ ఉపగ్రహాల్లో పవర్ తక్కువ కాబట్టి అనుకుంటారు. అదీ కొంత నిజమే. కేయూ ఉపగ్రహాల ఈఐఆర్‌పీ (ఉపగ్రహం మనవైపు పంపే పవర్ కొలత) సాధారణంగా 50 డీబీడబ్ల్యూ చుట్టుపక్కల ఉంటే సీలో 40కి అటూఇటూ ఉంటుంది. ఇంకో కారణం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. డిష్ చూపు ఎంత సన్నగా ఉంటుందో తేల్చేది దాని వ్యాసంలో ఎన్ని తరంగాలు పడతాయన్నదే. 12 గిగాహెర్ట్జ్ దగ్గర 60 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు సుమారు 2.9 డిగ్రీలు. 4 గిగాహెర్ట్జ్ దగ్గర 1.8 మీటర్ల డిష్‌కి కూడా అదే 2.9. రెండూ ఆకాశాన్ని ఒకేలా చూస్తున్నాయన్నమాట. అంతకంటే చిన్న డిష్ పెడితే చూపు వెడల్పై, రెండు మూడు డిగ్రీల అవతలున్న పక్క ఉపగ్రహం సిగ్నల్ కూడా చొరబడుతుంది. "మా ఉపగ్రహానికి 45 సెంటీమీటర్ల డిష్ చాలు" అని ఎవరైనా అంటే, పక్క స్థానంలో అదే ఫ్రీక్వెన్సీలో ఏముందో అడిగి తెలుసుకోండి.

ఇక వాన. సీతో పోలిస్తే కేయూ తరంగం పొట్టిది, చినుకు సైజుకి మరింత దగ్గర, కాబట్టి వాన ఆ సిగ్నల్‌ని ఎక్కువగా మింగేస్తుంది, చెదరగొడుతుంది. ఉష్ణమండలంలో కుండపోత వానకి కేయూలో 10 డెసిబెల్స్, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పోతుంది. 10 డెసిబెల్స్ పోవడమంటే సిగ్నల్‌లో పదో వంతే మిగలడం. అదే వానకి సీ బ్యాండ్‌లో పోయేది చాలా తక్కువ, మామూలు లింక్‌లో గమనించనుకూడా గమనించరు.

కొటేషన్‌లో ఈ సంగతి "అవైలబిలిటీ 99.5 శాతం" అని ముద్దుగా రాసి ఉంటుంది. వందకి 99.5 మార్కులంటే ఎవరికైనా గొప్పగానే అనిపిస్తుంది. గంటల్లోకి మార్చి చూడండి. 99.5 శాతం అంటే ఏడాదికి 44 గంటలు బొమ్మ ఉండదు. 99.9 అంటే ఎనిమిది గంటల నలభై ఐదు నిమిషాలు. 99.99 అంటే 53 నిమిషాలు. ఆ గంటలు ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా పోవు. వానాకాలంలో, జనం ఇళ్లలో కూర్చుని టీవీ చూసే వేళకే గుంపుగా వచ్చి పడతాయి.

ఇక్కడ ఇంకో తేడా గుర్తుపెట్టుకోవాలి. ప్రేక్షకుడి ఊళ్లో వాన పడితే ఆ ఊళ్లోనే బొమ్మ పోతుంది. అప్‌లింక్ స్టేషన్ మీద వాన పడితే అందరికీ పోతుంది. కేయూలో పైకి వెళ్లే సిగ్నల్ 14 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, డీటీహెచ్‌లో అయితే 17, 18 కూడా. వానకి అది ఇంకా తొందరగా లొంగుతుంది. అందుకే మంచి టెలిపోర్ట్‌లు (చాలా ఛానెళ్లకి అప్‌లింక్ చేసిపెట్టే స్టేషన్లు) వాన పడగానే తమంతట తామే పవర్ పెంచే ఏర్పాటు పెట్టుకుంటాయి, ఒకే వాన రెండుచోట్లా పడనంత దూరంలో రెండో అప్‌లింక్ కూడా ఉంచుకుంటాయి. సీ బ్యాండ్‌లో 6 గిగాహెర్ట్జ్ దగ్గర పైకి పంపుతాం కాబట్టి ఈ టెన్షన్ బాగా తక్కువ.

ఇంతవరకు చదివితే సీ బ్యాండ్‌కి తిరుగు లేదనిపిస్తుంది. ఇప్పుడు దాని కష్టం వినండి. సీ బ్యాండ్ ఫ్రీక్వెన్సీల మీద మొబైల్ కంపెనీలకి కన్ను పడింది. అమెరికాలో టెలికాం, ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2020 నాటి ఆదేశంతో 3.7 నుంచి 3.98 గిగాహెర్ట్జ్ వరకు 5జీకి ఇచ్చేశారు, ఉపగ్రహాలని 4.0 నుంచి 4.2 మధ్యకి సర్దేశారు. ఇతర దేశాల్లో 3.3 నుంచి 3.7 మధ్య భాగాలు మొబైల్‌కి వెళ్లాయి. 35,786 కిలోమీటర్ల నుంచి వచ్చే సిగ్నల్ ఎంత పలచనిదో, పక్క వీధిలోని టవర్ సిగ్నల్ అంత దట్టమైనది. ఆ టవర్ మీ ఫ్రీక్వెన్సీలోనే ఉండక్కర్లేదు. దగ్గరి ఫ్రీక్వెన్సీలో ఉన్నా చాలు, ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు సిగ్నల్ అందుకునే డబ్బా) లోపలి యాంప్లిఫయర్ ఉక్కిరిబిక్కిరై మొత్తం చేతులెత్తేస్తుంది. ఎల్‌ఎన్‌బీ ముందు ఫిల్టర్ బిగించి దీన్ని చాలావరకు ఆపొచ్చు. హెడ్‌ఎండ్‌లో అయితే అది చిన్న పని, లక్ష ఇళ్లలో అయితే అయ్యే పని కాదు. కొత్తగా సీ బ్యాండ్ తీసుకుంటుంటే 3.7కి కింద ఫ్రీక్వెన్సీ ఇస్తామంటే వద్దనండి. కుదిరితే 4.0కి పైన అడగండి.

ఫుట్‌ప్రింట్ మ్యాప్ చూసి మురిసిపోకండి

ఫుట్‌ప్రింట్ అంటే ఉపగ్రహం సిగ్నల్ నేల మీద చేరే మేర. బ్రోషర్‌లో ఖండాలకి ఖండాలు కప్పేసే రంగు వలయాలు ఉంటాయి. సీ బ్యాండ్ బీమ్‌లు సాధారణంగా అలాగే విశాలంగా ఉంటాయి. దూరదేశాల్లోని మీ భాషవాళ్లకి కూడా చేరాలంటే అది వరమే. కేయూ బీమ్ ఒక దేశానికో, ఒక ప్రాంతానికో తగ్గట్టు కోసి కుట్టిన చొక్కా లాంటిది. మధ్యలో బలంగా ఉంటుంది, అంచు దాటగానే టక్కున పడిపోతుంది.

మ్యాప్‌లో చూడాల్సింది నడిమధ్య అంకె కాదు, మీ ప్రేక్షకుల్లో చిట్టచివరన ఉన్నవాళ్ల దగ్గరి అంకె. ఆ వలయానికీ మధ్య వలయానికీ 3 డెసిబెల్స్ తేడా ఉంటే అక్కడికి సగం పవరే చేరుతోందన్నమాట. భూమధ్యరేఖకి దూరమయ్యేకొద్దీ, ఉపగ్రహం ఉన్న రేఖాంశానికి దూరమయ్యేకొద్దీ డిష్ నేలవైపుకి వంగుతుంది. అప్పుడు సిగ్నల్ వాన పొరలో ఏటవాలుగా ఎక్కువ దూరం రావాలి, ఎదురింటి మేడ కూడా అడ్డొస్తుంది. కాబట్టి మ్యాప్ ఇస్తే సరిపోదు. ఆ చివరి ఊరికి, మీరనుకున్న డిష్ సైజుతో, వాన లెక్కతో సహా లింక్ బడ్జెట్ (సిగ్నల్ దారిలో ఎంత పోతుంది, చివరికి ఎంత మిగులుతుందన్న లెక్క) రాసిమ్మనండి. ఇవ్వడానికి తటపటాయించే కంపెనీతో బేరం అక్కడికి ఆపేయొచ్చు.

కొత్త ఉపగ్రహాల్లో చిన్నచిన్న స్పాట్ బీమ్‌లు ఉంటాయి, ఇంటర్నెట్‌కి అవి బ్రహ్మాండం. టీవీకి అంత అవసరం లేదు. అందరికీ ఒకే బొమ్మ పంపేటప్పుడు ఒక పెద్ద బీమ్‌లో ఒక్కసారి పంపితే సరిపోతుంది, పది స్పాట్ బీమ్‌లకి పదిసార్లు అద్దె కట్టడం దండగ. ఒకే నగరానికి పరిమితమైన లోకల్ ఛానెల్ అయితే అది వేరే సంగతి.

సొంత క్యారియరా, బొకేలో వాటాయా?

నా లెక్కలో డబ్బు మిగిలేదీ, పోయేదీ ఎక్కువగా ఇక్కడే.

ఒక ఛానెల్ కోసం పూర్తి ట్రాన్స్‌పాండర్ ఎవరూ తీసుకోరు. దారులు రెండున్నాయి. ట్రాన్స్‌పాండర్‌లో చిన్న ముక్క తీసుకుని మీ క్యారియర్ (ఛానెల్‌ని మోసుకెళ్లే రేడియో సిగ్నల్) మీరే పంపుకోవడం ఒకటి. దీన్ని ఎస్‌సీపీసీ అంటారు. టెలిపోర్ట్ వాళ్లు పది పదిహేను ఛానెళ్లని కలిపి ఒకే పెద్ద క్యారియర్‌గా పంపితే అందులో ఇన్ని మెగాబిట్లని వాటా తీసుకోవడం రెండోది, అంటే ఎంసీపీసీ. మనవాళ్లు బొకే అనేది దీన్నే.

36 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌పాండర్‌ని ఒకే క్యారియర్‌తో నింపితే ఉపగ్రహంలోని యాంప్లిఫయర్‌ని పూర్తి పవర్ దగ్గర నడపొచ్చు. డీవీబీ ఎస్2 అనే ప్రసార ప్రమాణంలో 30 మెగా సింబల్ రేటు, 8పీఎస్‌కే (ఒక్కో సింబల్‌లో మూడు బిట్లు మోసే పద్ధతి), ఎఫ్‌ఈసీ 3/4 (నాలుగింట ఒక వంతు బిట్లు తప్పులు దిద్దడానికే) పెట్టుకుంటే సెకనుకి సుమారు 66 మెగాబిట్లు వెళ్తాయి. అదే ట్రాన్స్‌పాండర్‌లో ఐదారు చిన్న క్యారియర్లు దూరితే అవి ఒకదాన్నొకటి పాడుచేసుకోకుండా ఉండాలని యాంప్లిఫయర్ పవర్ తగ్గించాల్సి వస్తుంది. ఆ తగ్గింపు ఒక్కోసారి సగం దాకా ఉంటుంది. పవర్ తగ్గింది కాబట్టి 8పీఎస్‌కే కుదరదు, దానికి క్యూపీఎస్‌కే కంటే సుమారు 4 డెసిబెల్స్ ఎక్కువ సిగ్నల్ కావాలి. దాంతో సింబల్‌కి రెండు బిట్లే మోసే క్యూపీఎస్‌కేకి దిగుతారు. 8 మెగాబిట్ల హెచ్‌డీ ఛానెల్‌కి బొకేలో నాలుగున్నర మెగాహెర్ట్జ్ లోపే ఖర్చయితే, సొంత క్యారియర్‌లో ఆరున్నర దాకా తీసుకోవాలి. పైగా హెడ్‌ఎండ్‌లో డిష్ ఇంకొంచెం పెద్దది కావాల్సి రావొచ్చు.

మరి ఎస్‌సీపీసీ ఎందుకు తీసుకుంటారంటే, స్టూడియో పెరట్లోనే సొంత డిష్ పెట్టి నేరుగా పైకి పంపుకోవచ్చు. బొకేలో అయితే మీ ఫీడ్‌ని టెలిపోర్ట్ దాకా ఫైబర్‌లో చేర్చాలి. ఎక్కడో జేసీబీ గొయ్యి తవ్వి ఫైబర్ తెంపితే మీ ఛానెల్ నల్లగా అయిపోతుంది, బొకేలో మిగతావాళ్లు హాయిగా నడుస్తుంటారు. బొకే తీసుకుంటే ఫైబర్ రెండు వేర్వేరు దారుల్లో రావాలి. "రెండు కంపెనీల లైన్లు ఉన్నాయి" అంటే నమ్మకండి, రెండూ ఒకే గొయ్యిలోంచి వస్తుండొచ్చు. న్యూస్ ఛానెల్‌వాళ్లు తమ అప్‌లింక్ తమ చేతిలోనే ఉండాలని పట్టుబడితే నేను కాదనను. భక్తి ఛానెల్‌కో, సినిమా ఛానెల్‌కో మాత్రం బొకేనే నయం.

బొకేలో చేరేముందు అందులో వాటాలు ఎలా పంచుతున్నారో కనుక్కోండి. స్టాట్‌మక్స్ అయితే కదలిక ఎక్కువున్న బొమ్మకి ఆ క్షణాన ఎక్కువ బిట్లు వెళ్తాయి. పక్కన స్పోర్ట్స్ ఛానెల్ ఉందనుకోండి, అక్కడ మ్యాచ్ రసకందాయంలో పడ్డప్పుడల్లా మీ బొమ్మ గళ్లు గళ్లుగా మారొచ్చు. మీకు దక్కాల్సిన కనీస బిట్‌రేట్ ఒప్పందంలో అంకెల్లో ఉండాలి.

కోడెక్ (వీడియోని కుదించే పద్ధతి) విషయంలో తొందర పడొద్దు. కొత్త కోడెక్ హెచ్‌ఈవీసీలో బిట్లు బాగా ఆదా అవుతాయన్నది నిజమే, డీవీబీ ఎస్2కి తర్వాతి రూపమైన డీవీబీ ఎస్2ఎక్స్ 2014లోనే వచ్చిందన్నదీ నిజమే. అవతల రిసీవర్ దాన్ని అర్థం చేసుకోకపోతే ఆదా చేసి ఏం లాభం? ఉచితంగా ఇళ్లకి చేరే ఛానెల్ అయితే జనం దగ్గరున్న పాత పెట్టె ఏది పలుకుతుందో అదే పంపాలి. హెడ్‌ఎండ్‌ల కోసమే అయితే రిసీవర్లు మీరే కొనిచ్చి కొత్త కోడెక్‌కి మారండి. కొన్నేళ్లు కట్టాల్సిన అద్దె ముందు ఆ పెట్టెల ఖర్చు తరచూ చిన్నదే అవుతుంది.

వయసైన ఉపగ్రహం చవగ్గా వస్తే?

సాధారణంగా ఒక ఉపగ్రహం 15 ఏళ్లు పనిచేస్తుందని లెక్క. ఎక్కువసార్లు ఆయువు తేల్చేది ఎలక్ట్రానిక్స్ కాదు, ఇంధనం. సూర్యచంద్రుల లాగుడుకి కక్ష్య ఏటా డిగ్రీకి కొంచెం తక్కువగా వాలుతూ ఉంటుంది, దాన్ని సరిచేయడానికే ఇంధనంలో ఎక్కువ భాగం ఖర్చవుతుంది. చివరి దశలో కొందరు ఆ సరిచేయడం మానేసి, మిగిలిన ఇంధనంతో తూర్పు పడమరల స్థానం మాత్రం కాపాడుకుంటూ నడిపిస్తారు. అప్పుడు ఉపగ్రహం రోజూ ఆకాశంలో ఎనిమిది అంకె ఆకారంలో తిరుగుతుంది. ట్రాన్స్‌పాండర్ అద్దె బాగా తగ్గుతుంది, కానీ డిష్ దాని వెంట తిరగాలి. బయటి నుంచి లైవ్ పంపే ఓబీ వ్యాన్ ఫీడ్‌కి, రెండు స్టేషన్ల మధ్య లింక్‌కి ఇది మంచి బేరం. బిగించిన డిష్‌లకి పంపే ఛానెల్‌కి మాత్రం వద్దే వద్దు. ముసలి ఉపగ్రహానికి ఆయువు పోసే పని కూడా మొదలైంది. 2020 ఫిబ్రవరిలో ఎంఈవీ-1 అనే వాహనం ఇంటెల్‌శాట్ 901కి వెళ్లి అతుక్కుని, దాన్ని మళ్లీ పనిలోకి తెచ్చింది. మీ కొటేషన్‌లోని పాత ఉపగ్రహానికి అలాంటి యోగం ఉందనుకుని మాత్రం సంతకం పెట్టకండి.

కొత్తదైతే ధీమాగా ఉండొచ్చా అంటే అదీ లేదు. 1998 మేలో గెలాక్సీ 4 అదుపు తప్పితే అమెరికాలో చాలా భాగం పేజర్లు మూగబోయాయి. 2010 ఏప్రిల్‌లో గెలాక్సీ 15 కింద నుంచి ఆదేశాలు వినడం మానేసింది. సీ బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లు మాత్రం వెలుగుతూనే, పక్క ఉపగ్రహాల స్థానాల్లోకి కొట్టుకుపోయింది. దారిలో ఉన్నవాళ్లు తమ సిగ్నళ్లు చెడకుండా నెలల తరబడి తంటాలు పడ్డారు. చివరికి డిసెంబర్‌లో అది మళ్లీ దారికొచ్చింది. 2016లో ఎగిరిన ఇంటెల్‌శాట్ 33ఇ అయితే 2024 అక్టోబర్‌లో ముక్కలైపోయింది, ఎనిమిదేళ్లకే.

అందుకే వయసుకంటే ముఖ్యంగా అడగాల్సింది బ్యాకప్. అదే స్థానంలో ఇంకో ఉపగ్రహం ఉందా? ఇది పోతే మీ క్యారియర్‌ని దానికి మారుస్తారా? డిష్‌లు కదలకుండా బతికి బయటపడే దారి అదొక్కటే. ఒప్పందంలో "ప్రీఎంప్టబుల్" అన్న మాట కోసం వెతకండి. ఆ మాట ఉంటే పక్క ట్రాన్స్‌పాండర్‌వాళ్లకి ఆపద వచ్చినప్పుడు మిమ్మల్ని దించేసి వాళ్లని ఎక్కిస్తారని అర్థం. అద్దె ఎందుకంత తక్కువో చాలాసార్లు అక్కడే తెలిసిపోతుంది. పాటలు నడిపే ఛానెల్‌కి అది ఫర్వాలేదు. ప్రకటనల మీద బతికే ఛానెల్‌కి కాదు.

కొన్ని విషయాల మీద మాత్రం బుర్ర పాడుచేసుకోకండి. మార్చి, సెప్టెంబర్‌ల చుట్టుపక్కల రోజుల్లో సూర్యుడు ఉపగ్రహం వెనక్కి వచ్చి రోజుకి కొన్ని నిమిషాలు బొమ్మ చెడగొడతాడు. ఏ ఉపగ్రహం తీసుకున్నా అది తప్పదు. సిగ్నల్ పైకెళ్లి రావడానికి పట్టే పావు సెకను ఆలస్యం కూడా అంతే. లీనియర్ పోలరైజేషనా, సర్క్యులరా అన్నది కూడా డిష్ బిగించే మనిషి చూసుకునే సంగతే.

మీ ఫీడ్ వెళ్లాల్సింది పది పదిహేను చోట్లకే అయితే, అవన్నీ మంచి ఫైబర్ ఉన్న నగరాలైతే, అసలు ఉపగ్రహం అవసరమా అని కూడా ఆలోచించండి. చోటు పెరిగినప్పుడల్లా ఇంటర్నెట్ ఖర్చు పెరుగుతుంది. ఉపగ్రహానికి పది డిష్‌లైనా పది లక్షల డిష్‌లైనా అద్దె ఒకటే. ఆ రెండు ఖర్చులు ఎక్కడ సమానమవుతాయో మీ హెడ్‌ఎండ్‌ల జాబితా పట్టుకుని లెక్కేస్తే ఒక మధ్యాహ్నంలో తేలిపోతుంది.

నన్నే ఎంచుకోమంటే ఇలా చేస్తాను. కేబుల్, డీటీహెచ్‌ల ద్వారా వెళ్లే ఛానెల్‌కి, వానలు గట్టిగా కురిసే ప్రాంతమైతే, హెడ్‌ఎండ్‌లు ఇప్పటికే చూస్తున్న స్థానంలో సీ బ్యాండ్ బొకే. ఇళ్లకి నేరుగా, ఉచితంగా వెళ్లేదైతే జనం డిష్‌లు చూస్తున్న కేయూ స్థానం, అక్కడ చోటు దొరక్కపోతే దొరికేదాకా ఆగడం. సంతకానికి ముందు వానాకాలంలో ఒక వారం టెస్ట్ క్యారియర్ ఇమ్మని అడుగుతాను. ఫుట్‌ప్రింట్ అంచున ఉన్న ఊళ్లో, అనుకున్న సైజు డిష్‌తో మనిషిని కూర్చోబెట్టి, సిగ్నల్ మార్జిన్ గంటగంటకీ రాయిస్తాను.